ఆశ్రమం తరఫు వకీలు



మా బార్‌లో ఏ వకీలును అడిగినా తన పనేమిటో ఒక్క మాటలో చెప్తాడు. భూముల కేసులు, యాక్సిడెంట్ కేసులు, చెక్కు బౌన్సులు అంటాడు. నా పని చెప్పాలంటే కొంచెం ఊపిరి తీసుకోవాలి. వృద్ధాశ్రమాల మీద ఎవరైనా కేసు వేస్తే, ఆశ్రమం తరఫున వకాలత్ వేసేవాణ్ని నేను. ఈ మాట అనగానే ఎదుటి మనిషి మొహం మారుతుంది. "ముసలోళ్ల మీద కొట్లాడుతవా సార్?" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. నిజానికి నా ఎదుటి పక్షంలో ముసలివాళ్లు నిలబడ్డది చాలా తక్కువ. నిలబడేది కొడుకులు, బిడ్డలు, అల్లుళ్లు, ఒక్కోసారి నాలుగేళ్లు కనబడకుండా పోయి చావు కబురు వినగానే వచ్చిన అన్నదమ్ముల పిల్లలు.

కేసులు కూడా మీరు అనుకున్నట్టు ఉండవు. అవ్వ బాత్‌రూంలో జారి పడ్డది, తుంటి విరిగింది. తాత వీపు మీద పడక పుండ్లు పడ్డయి. యాదిమరుపు వచ్చిన పెద్దాయన గేటు దాటి పోయిండు, మూడో రోజు రైల్వే స్టేషన్‌లో దొరికిండు. పుస్తెలతాడు కనబడతలేదు. పింఛను ఎవరు తీసుకున్నారు? కట్టిన డిపాజిట్ వాపసు ఇయ్యమంటే ఇస్తలేరు. మాకు చెప్పకుండ దహనం చేసిన్రు. ఇంతే. ఈ ఏడెనిమిది రకాల్లోనే నా వకీలు జీవితం గడిచింది.

ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ కేసులకు ఒక ప్రత్యేకత ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లలో ఇంటికొక మనిషి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వైపు పోతే సింగరేణి. గల్ఫ్ కొడుకు పైసలు పంపుతాడు, మనిషి రాలేడు. సింగరేణి కొడుకు పక్క క్వార్టర్‌లోనే ఉంటాడు, కానీ ఒక్కోసారి తలుపు తీయడు. బాయి పనిలో అన్‌ఫిట్ అయిన తండ్రి స్థానంలో కారుణ్య నియామకం కింద కొలువు కొడుక్కు వస్తుంది. తండ్రికి మిగిలేది 1998 నాటి బొగ్గుగని పెన్షన్ పథకం కింద వచ్చే చిన్న మొత్తం. ఆ కొలువు ఎట్ల వచ్చిందో కొడుకు మరిచిపోయిన ఇండ్ల నుంచి ఆశ్రమాలకు వచ్చిన వాళ్లను నేను చూశాను. వాళ్లు కొడుకు మీద కేసు వెయ్యరు. "వాని పేరు ఖరాబ్ అయితది సార్" అంటారు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2007లో పార్లమెంటు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం చేసింది. అరవై ఏళ్లు నిండినవాళ్లు పిల్లల నుంచి పోషణ ఖర్చు అడగొచ్చు. దరఖాస్తు పెట్టాల్సింది ఆర్డీవో ముందు, ఆయనే ట్రిబ్యునల్. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. నెలకు 10,000 రూపాయలకు మించి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు లేదు. పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాళ్లు వాళ్లను ఎక్కడో వదిలేసి పోతే మూడు నెలల జైలు గానీ 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఈ చట్టం దేశం దాటిపోయిన భారత పౌరులకూ వర్తిస్తుంది. కాయితం మీద బాగుంది. దుబాయ్ కంపెనీ ఇచ్చే జీతం దాకా మన ఆర్డీవో చెయ్యి ఎట్ల చాపాలో మాత్రం నేను చూసిన ఏ ఆర్డరూ చెప్పలేదు.

అదే చట్టంలో ఆశ్రమాల మాట కూడా ఉంది. కనీసం 150 మంది నిరుపేద వృద్ధులు ఉండగలిగేట్టు జిల్లాకు ఒక్కటన్నా చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ఆశ్రమాలు పెట్టవచ్చు అన్నది 19వ సెక్షన్. పెట్టాలి అనలేదు, పెట్టవచ్చు అన్నది. 2016 అక్టోబరులో మన రెండు జిల్లాలు ఎనిమిదైనయి. కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఒక వైపు. ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ ఇంకో వైపు. కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయినయి. ఆ సెక్షన్‌ను ప్రతి జిల్లాలో వాడుకుంటే ఈ ఎనిమిది జిల్లాల్లో 1,200 మంచాలు సర్కారు లెక్కలో ఉండాలి. 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కూడా జిల్లావారీగా వృద్ధాశ్రమాల వివరాలు తెప్పించుకోమని కేంద్రానికి చెప్పింది. సర్కారు ఖాళీ ఉంచిన చోట ఎవరో ఒక రిటైర్డ్ టీచరు, ఒక చర్చి, ఒక ట్రస్టు, ఒక్కోసారి వ్యాపారం చేసేవాడు వచ్చి నిలబడతారు. వాళ్లే నా కక్షిదారులు.

ఇంకో చిత్రం వినండి. ఆ చట్టంలోనే 17వ సెక్షన్ ఉంది. ట్రిబ్యునల్ ముందు ఎవరి తరఫునా వకీలు రాకూడదు. ఖర్చు తగ్గాలి, వాయిదాలు తగ్గాలి అన్న ఉద్దేశం మంచిదే. మా వృత్తి మీద చట్టసభకు ఎంత గౌరవం ఉందో కూడా అర్థమవుతుంది, అది వేరే సంగతి. పంజాబ్-హర్యానా హైకోర్టు 2014లో, కేరళ హైకోర్టు 2021లో ఈ నిషేధం నిలవదని అన్నాయి, అడ్వకేట్ల చట్టం 30వ సెక్షన్ చూపించి. ఏది ఏమైనా ముసలివాళ్ల సంగతి తేలే గదిలో నాకు చాలా కాలం కుర్చీ లేదు. నా పనంతా సివిల్ కోర్టులో, వినియోగదారుల కమిషన్‌లో, పోలీస్ స్టేషన్‌లో నడిచింది.

మనిషి జారి పడ్డ కేసు ఒకటి చెప్తాను. ఇది ఏ ఒక్క అవ్వదో కాదు, పదే పదే జరిగే తీరు. డెబ్బై ఎనిమిదేళ్ల అవ్వ, బీపీ, షుగర్, కండ్లు సరిగా కనబడవు. అర్ధరాత్రి బాత్‌రూంకు లేచి పడ్డది. ఆయా చూసింది, మంచం మీద పడుకోబెట్టింది, నొప్పి గోలీ ఇచ్చింది. పొద్దున్నే దవాఖానకు తీసుకపోతే తుంటి ఎముక విరిగిందన్నరు. ఆపరేషన్ చెయ్యాలె, సంతకం ఎవరు పెడతరు? కొడుకు ఫోన్ కలవదు, గల్ఫ్‌లో డ్యూటీ టైం. ఆదిలాబాద్ వైపు అయితే ఇంకో ప్రశ్న: రిమ్స్‌లో ఉంచాలా, నాగపూర్ తీసుకపోవాలా, హైదరాబాద్ పంపాలా? నాగపూర్ దగ్గర, కానీ రాష్ట్రం మారుతుంది, కార్డు మారుతుంది, ఖర్చు మారుతుంది. ఆ రెండు రోజుల ఆలస్యంలో అవ్వ ఆరోగ్యం దిగజారుతుంది. నెల తిరిగేలోపల చనిపోతుంది. కొడుకు వస్తాడు. "మంచిగ చూస్కుంటరని ఇడిసిపెట్టినం. ఇప్పుడు ఎవలు జవాబు చెప్పాలె?" అంటాడు. న్యాయమైన ప్రశ్నే.

కోర్టు అడిగేది వేరు. పడ్డదా లేదా అన్నది కాదు, ముసలితనంలో ఎంత జాగ్రత్తగా ఉన్న ఇంట్లోనైనా పడతారు. పడకుండా చెయ్యాల్సిన మామూలు జాగ్రత్తలు తీసుకున్నారా, పడ్డాక ఆలస్యం చేశారా అన్నది. పట్టుకోవడానికి గోడకు కమ్మి ఉందా? రాత్రి లైటు ఉందా? నేల తడిగా ఉందా? ఎంతమందికి ఒక ఆయా? పన్నెండు గంటలకు పడితే ఎన్నింటికి డాక్టర్‌కు ఫోన్ పోయింది? వీటికి నా నోటి మాట చాలదు, ఆశ్రమం మేనేజరు నోటి మాటా చాలదు. రాత్రి రిజిస్టరు కావాలి.

ఇక్కడే నేను గెలిచిన కేసులూ ఓడిన కేసులూ వేరుపడ్డాయి. కేసు పడ్డాక మేనేజరు ఒక రిజిస్టరు తెస్తాడు. తెల్లగా, నీటుగా, నెల రోజుల రాత్రులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుతో రాసి ఉంటాయి. "రాత్రి 2 గంటలకు చూడబడినది, నిద్రలో ఉన్నారు" అని ప్రతి వరుసలో. అట్లాంటి రిజిస్టరును నేను కోర్టులో పెట్టను. ఎదుటి వకీలు దాన్ని చదవనక్కర్లేదు, ఎత్తి జడ్జిగారికి చూపిస్తే చాలు. అదే ఇంకో ఆశ్రమంలో ఆయా వంకర అక్షరాలతో, "అవ్వ నిద్రపోలే, కాలు గుంజుతుందన్నది, నూనె రాసిన, మూడింటికి పండుకున్నది" అని రాసింది. ఆ ఒక్క వాక్యం నా వాదన కన్నా ఎక్కువ పని చేసింది.

పడక పుండ్ల కేసులోనూ ఇంతే. మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలన్నది నర్సింగ్‌లో మొదటి పాఠం. తిప్పినట్టు రాసి లేకపోతే తిప్పలేదనే కోర్టు అనుకుంటుంది.

ఇంకో మాట, ఉచితంగా నడిపేవాళ్ల కోసం. "మేం పైసా తీసుకోం సార్, మా మీద కన్స్యూమర్ కేసెట్ల?" అని అడుగుతారు. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు దవాఖానల గురించి ఒక గీత గీసింది. అందరికీ ఉచితమైతే వినియోగదారుల చట్టం కిందికి రారు. కొందరి దగ్గర తీసుకొని కొందరికి ఉచితంగా చేస్తే, ఉచితంగా పొందినవాళ్లు కూడా ఆ చట్టం కింద అడగొచ్చు. ఆశ్రమాల కేసుల్లోనూ వాదనలు ఆ గీత చుట్టే తిరుగుతాయి. మన దగ్గర చాలా ఆశ్రమాలు సగం మంది దగ్గర నెలకు ఇంత అని తీసుకొని, ఆ పైసలతో మిగతా సగాన్ని సాకుతాయి. మంచి పనే. కానీ కమిషన్ తలుపు వాళ్లకు తెరిచే ఉంటుంది. మనిషి చనిపోతే నిర్లక్ష్యం కింద పోలీసు కేసూ రావచ్చు, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 106వ సెక్షన్.

నేను తీసుకోని కేసుల గురించి కూడా చెప్పాలి. ఒకటి, కట్టేయడం. గేటు దాటి పోతాడని, మంచం మీంచి పడతదని, చీర కొంగుతోనో పాత పంచెతోనో మంచానికి కడతారు. "ఆమె మంచికే సార్" అంటారు. నిజంగా మంచికే అనుకొని చేసినవాళ్లూ ఉన్నారు. రాత్రి ఒక్క ఆయా, ముప్పై మంది. ఏం చేస్తది? కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చూడండి. మానసిక అనారోగ్యం ఉన్న మనిషిని గొలుసులతో బంధించడం ఏ రూపంలోనూ కూడదన్నది. కదలకుండా పట్టి ఉంచడం అన్నది వెంటనే ముంచుకొచ్చే ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే. ఆపైన ఒక మాట విడమరిచి చెప్పింది: సిబ్బంది తక్కువున్నరన్న కారణంతో కట్టకూడదు. ఆశ్రమాలు చెప్పే ఒకే ఒక్క కారణాన్ని చట్టం ముందే ఊహించి మూసేసింది. మేం ఆశ్రమం, మెంటల్ దవాఖాన కాదు అని వాదించొచ్చు. ఆ వాదన నేను చెయ్యను.

రెండోది, భూమి. పిల్లలు లేని ముసలాయన, రెండెకరాల మడి, ఆశ్రమం పేర వీలునామా. ఇట్లాంటిది కోర్టుకు వస్తే ఆశ్రమం నెగ్గడం కష్టం, నెగ్గకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వీలునామాతో లాభపడేవాడే దాన్ని రాయించడంలో ముందుంటే, అనుమానం తీర్చాల్సిన భారం అతని మీదే అని సుప్రీంకోర్టు 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పింది. మనిషి మన కప్పు కింద ఉన్నాడు, మన అన్నం తింటున్నాడు, మన మందులు మింగుతున్నాడు. స్వేచ్ఛగా రాశాడని ఎట్ల నిరూపిస్తాం? గిఫ్టు డీడయితే 2007 చట్టం 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతుతో ఆస్తి తీసుకొని చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చెయ్యొచ్చు. అది కొడుకుల మీద పెట్టిన సెక్షనని అందరూ అనుకుంటారు. అందులో కొడుకు అని లేదు, ఆస్తి తీసుకున్నవాడు అని ఉంది. ఆశ్రమానికీ తగులుతుంది. ఆ షరతు మీదే ఆస్తి ఇచ్చినట్టు తేలి తీరాలని 2022 డిసెంబరులో ఒక సుప్రీంకోర్టు తీర్పు గట్టిగా చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో వచ్చిన తీర్పు ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేట్టు ఉదారంగా చదవాలంది. కాబట్టి నా దగ్గరికి వచ్చే ఆశ్రమాలకు ఒకటే చెప్తాను. లోపల ఉన్నవాళ్ల భూమి ముట్టుకోకండి.

ఆశ్రమం పక్షాన న్యాయం ఉండే కేసులూ ఉన్నాయి. ముసలివాళ్లందరూ మునులు కారు. ఒకరు తాగొచ్చి గొడవ చేస్తారు, ఇంకొకరు పక్క మంచం మనిషిని కులం పేరుతో తిడతారు. పొమ్మంటే కోర్టుకు పోతారు. లక్నోలోని ఒక వృద్ధాశ్రమం కేసు 2022 మేలో సుప్రీంకోర్టు దాకా పోయింది, సమర్పణ్ వరిష్ఠ్ జన్ పరిసర్ కేసు అంటారు. ఆశ్రమంలో ఉన్నవాళ్లు అనుమతి మీద ఉండేవాళ్లే, కనీస క్రమశిక్షణ, మంచి నడవడిక పాటించాలి, తోటివాళ్ల శాంతికి భంగం కలిగిస్తే ఖాళీ చెయ్యమని అడిగే హక్కు నిర్వాహకులకు ఉంటుందని కోర్టు అన్నది. నాకు చాలా ఉపయోగపడే తీర్పు. కానీ దాన్ని చేతిలో పట్టుకొని ఎనభై ఏళ్ల మనిషిని రోడ్డు మీద నిలబెట్టే ఆశ్రమానికి నేను వకీలుగా ఉండను. ముందు ఆర్డీవోకు రాయండి, ఇంకో చోటు చూపించండి, తర్వాత మాట్లాడదాం అంటాను.

ఇప్పుడు నేను నిజంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. ఆశ్రమాల తరఫున వాదించేవాడిగా ఆశ్రమాల మీద గట్టి చట్టం రావాలని కోరుకుంటున్నాను. మన దగ్గర ఆశ్రమం పెట్టాలంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒక సొసైటీ గానీ, ఒక ట్రస్టు గానీ ఉంటే నడిచిపోతుంది. రిజిస్ట్రారు కమిటీ మెంబర్ల పేర్లు చూస్తాడు, లెక్కలు చూస్తాడు. బాత్‌రూంలో కమ్మి ఉందో లేదో చూడడం ఆయన పని కాదు. మరి ఎవరి పని? ముప్పై మందికి రాత్రి ఎందరు ఆయాలుండాలన్నది రాసి ఉన్న పుస్తకం నేను చూడలేదు. కొలమానం లేని అంగడిలో నిజాయితీగా తూచేవాడు కూడా దొంగగానే కనబడతాడు. నా కక్షిదారు అంతా సరిగ్గా చేశాడని నేను చెప్పాలంటే, సరిగ్గా అంటే ఏమిటో ఎక్కడో రాసి ఉండాలి కదా!

అమెరికాలో ఇది వేరే తీరు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలను అడగండి, నర్సింగ్ హోముల తరఫున కేసులు నడపడమే బతుకుగా ఉన్న లా ఆఫీసులు అక్కడ ఉన్నాయి. 1987లో వాళ్ల పార్లమెంటు నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం చేసింది. సర్కారు వైద్య పథకాల డబ్బు తీసుకునే ప్రతి హోమూ, చేరిన ప్రతి మనిషికీ సంరక్షణ ప్రణాళిక రాయాలి, తనిఖీకి తలుపు తెరవాలి, సిబ్బంది సౌకర్యం కోసం మనిషిని కట్టకూడదు, మందులతో మత్తులో పెట్టకూడదు. 2023 జూన్‌లో టాలెవ్‌స్కీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, సర్కారు నడిపే హోములో ఈ హక్కులు భంగమైతే ఆ కుటుంబం ఫెడరల్ కోర్టులో దావా వెయ్యొచ్చని తేల్చింది. యాదిమరుపు ఉన్న పెద్దాయనకు మత్తు మందులు ఇచ్చి పడుకోబెట్టారన్నది అందులో ఆరోపణ. అక్కడ అన్యాయాలు లేవని కాదు. హోము తరఫు వకీలు చూపించడానికైనా, కుటుంబం తరఫు వకీలు ఎత్తి చూపడానికైనా ఒక పుస్తకం ఉంది.

మన దగ్గర ఆ పుస్తకం వచ్చే అవకాశం ఒకసారి గడప దాకా వచ్చింది. 2019 డిసెంబరులో 2007 చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో పెట్టారు. వృద్ధాశ్రమాల రిజిస్ట్రేషన్ తప్పనిసరి, కనీస ప్రమాణాలు, ఇంటికొచ్చి చూసుకునే ఏజెన్సీల మీద కూడా నియంత్రణ, పది వేల పరిమితి తీసివేత, అల్లుడు, కోడలు కూడా బాధ్యులు. స్థాయీ సంఘానికి పోయింది, నివేదిక వచ్చింది, ఆ తర్వాత 2024లో ఆ లోక్‌సభ కాలం తీరిపోయింది, బిల్లూ దానితో పోయింది. కొడుకుల జీతాల్లోంచి కోత గురించి మాత్రం మాటలు వినబడ్డాయి. 2025 అక్టోబరులో గ్రూప్-2 ఉద్యోగులకు నియామక పత్రాలిస్తూ, తల్లిదండ్రులను పట్టించుకోని ఉద్యోగుల జీతంలో పది నుంచి పదిహేను శాతం కోసి వాళ్ల ఖాతాలో వేసేట్టు చట్టం తెస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. మంచిదే. సర్కారు కొలువు ఉన్న కొడుకులకు అది పనికొస్తుంది. ఆశ్రమం బాత్‌రూం నేల సంగతి అట్లనే ఉంది.

చట్టం వచ్చేదాకా చేతిలో ఉన్న పని చెప్పి ముగిస్తాను. ఆశ్రమం నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే: ఈ రాత్రి రిజిస్టరు ఈ రాత్రే రాయించండి, ఆయా భాషలోనే, ఆయా చేతితోనే. చేర్చుకునేటప్పుడు ఇద్దరి ఫోన్ నంబర్లు తీసుకోండి, అందులో ఒకటి గల్ఫ్ నంబరు కాకుండా ఊళ్లో ఉన్నవాళ్లది. ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెడతారు, ఏ దవాఖానకు తీసుకపోవాలి, మెడలో ఎంత బంగారం ఉంది, పింఛను ఎవరు తెస్తారు, కాలం చేస్తే ఎవరికోసం ఎంతసేపు ఆగాలి అన్నవి ఆ మనిషినే అడిగి, ఆ మనిషి ముందే రాయండి. తల్లిదండ్రులను చేర్చే పిల్లలకు: ఆ కాయితం చదివి సంతకం పెట్టండి, ఒక కాపీ తెచ్చుకోండి, చేర్చే ముందు ఒకసారి రాత్రి పూట పోయి చూడండి. పగలు ఏ ఆశ్రమమైనా బాగానే కనబడుతుంది.

ఇక లోపల ఉన్న పెద్దవాళ్లకు. మీకు ఇబ్బంది ఉంటే, అది కొడుకుతోనైనా, ఆశ్రమంతోనైనా, 14567కు ఫోన్ చెయ్యండి, వయోవృద్ధుల కోసం పెట్టిన హెల్ప్‌లైన్ అది. వకీలు కావాలంటే 15100, న్యాయ సేవా సంస్థది. అర్హత ఉంటే పైసా ఖర్చు లేకుండా వకీలును ఇస్తారు. ఆ వకీలు నా మీద వాదించడానికే వచ్చినా సరే, ఫోన్ చెయ్యండి.